ఇంటి ప్రార్థనలో కృప గురించి వాక్యం చెప్పాల్సి వస్తే

పాస్టర్ గారు ఊళ్లో లేరు, బుధవారం ఫలానా వాళ్లింట్లో ప్రార్థన ఉంది, ఈసారి వాక్యం మీరే చెప్పాలి బ్రదర్ అని ఫోన్ వస్తుంది. సరే అంటాం. ఏం చెబుదామా అనుకుంటే చాలామందికి ముందు తట్టేది కృపే, ఎందుకంటే అది తేలికనుకుంటాం. దేవుడు మంచివాడు, మనం పాపులం, ఆయన క్షమిస్తాడు, ఆమెన్. తీరా చూస్తే పది నిమిషాలు అనుకున్న వాక్యం నలభై నిమిషాలు సాగుతుంది, చివరికి "కాబట్టి మనం ఇంకా ఎక్కువ ప్రార్థన చేయాలి, ఉపవాసం ఉండాలి, కానుకలివ్వాలి, సీరియల్స్ మానాలి" దగ్గర తేలుతుంది. కృప అని మొదలుపెట్టి, వచ్చినవాళ్ల నెత్తిన ఇంకో నాలుగు పనులు పెట్టి పంపిస్తాం. ఇలా జరగకుండా ఎలా సిద్ధపడాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. బైబిలు కాలేజీ చదవని, ఉద్యోగమో వ్యవసాయమో చేసుకుంటూ సంఘంలో అప్పుడప్పుడు వాక్యం చెప్పే మామూలు విశ్వాసుల కోసం. పాస్టర్లకు నేను చెప్పేదేమీ లేదు, వాళ్లు చదివితే కాదనను.

ముందు ఒక మాట తేల్చుకోండి. కృప అనేది క్రైస్తవ విశ్వాసంలో ఉన్న పది అంశాల్లో ఒకటి కాదు, అంటే ఈ వారం కృప, వచ్చే వారం ప్రార్థన, ఆ తర్వాత దశమభాగం అని వరసలో పెట్టుకునేది కాదు. మిగతావన్నీ దాని మీద నిలబడతాయి. ప్రార్థన ఎందుకు చేయగలుగుతున్నాం? హెబ్రీ పత్రిక 4:16 చెప్పినట్టు, మనం చేరేది "కృపాసనము" దగ్గరికి కాబట్టి. పౌలు ఎందుకంత కష్టపడ్డాడు? "నేనేమైయున్నానో అది దేవుని కృపవలననే అయియున్నాను" అని 1 కొరింథీ 15:10లో ఆయనే చెప్పుకున్నాడు, అదే వచనంలో అందరికంటే ఎక్కువ ప్రయాసపడ్డానని కూడా చెప్పుకున్నాడు. మొదటి అడుగు దేవుడిది, మన అడుగు దాని వెనకాల. ఈ వరస తిరగబడితే మీరు చెప్పేదాంట్లో వచనాలు ఎన్ని ఉన్నా అది కృప వాక్యం కాదు.

ఒక్క భాగం తీసుకోండి, ఒక్కటే

కృప అని ఫోన్‌లో బైబిల్ యాప్‌లో వెతికితే వందకు పైగా వచనాలు వస్తాయి. వాటిని కాపీ చేసుకుని ఒకదాని తర్వాత ఒకటి చదివించడం మన దగ్గర బాగా అలవాటు: "ఇంకో వచనం చూద్దాం, రోమా 5:20, ఎవరైనా గట్టిగా చదవండి." వెనక కూర్చున్న పెద్దావిడ మొదటి వచనం దొరకబుచ్చుకునేలోపు మీరు నాలుగోదానికి వెళ్లిపోతారు. వద్దు. ఒక కథ తీసుకోండి, ఒక వచనం దానికి లంగరుగా పెట్టుకోండి, అంతే.

నేను చెప్పేదేమిటంటే, మొదటిసారి చెప్పేవాళ్లు మత్తయి 20:1-16 తీసుకోండి, ద్రాక్షతోట కూలీల ఉపమానం. తప్పిపోయిన కుమారుడి కథ కూడా గొప్పదే, కాకపోతే అందరికీ కంఠతా వచ్చేసి "ఆహా తెలుసు" అని చెవులు మూసేసుకుంటారు. కూలీల కథ అలా కాదు. మన వాళ్లలో కూలికి వెళ్లినవాళ్లు, కూలీలను పెట్టుకున్నవాళ్లు, కనీసం నాన్న కూలి చేసి చదివిస్తే ఉద్యోగానికొచ్చినవాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు. పొద్దున్నే నాలుగు రోడ్ల కూడలిలో టిఫిన్ డబ్బాతో నిలబడి మేస్త్రీ కోసం చూసే అడ్డా కూలీని ఎవరికీ వివరించక్కర్లేదు.

ఇప్పుడు ఆ భాగాన్ని ఎలా చదవాలో చెబుతాను, ఎందుకంటే పని అంతా ఇక్కడే ఉంది.

19వ అధ్యాయం చివర నుంచి మొదలుపెట్టండి. ధనవంతుడైన యువకుడు వెళ్లిపోయాక పేతురు అడుగుతాడు: మేమైతే అన్నీ వదిలేసి నీ వెంట వచ్చాం, మరి మాకేం దొరుకుతుంది? ఉపమానం పుట్టింది ఈ ప్రశ్నలోంచి. యేసు పేతుర్ని కసురుకోలేదు, మీకు తప్పకుండా దొరుకుతుందనే అన్నాడు, కానీ ఆ వెంటనే ఈ కథ చెప్పాడు. అంటే ఇది బయటి పాపుల కోసం చెప్పిన కథ కాదు, ముందు నుంచీ చర్చికి వస్తున్నవాళ్ల కోసం చెప్పింది. మీ ముందు చాప మీద కూర్చున్నది కూడా వాళ్లే.

తర్వాత యజమాని ఎన్నిసార్లు బయటికి వెళ్లాడో లెక్కపెట్టించండి. తెల్లవారగానే ఒకసారి, మూడో గంటకు, ఆరో గంటకు, తొమ్మిదో గంటకు, మళ్లీ పదకొండో గంటకు. ఆ లెక్కలో మూడో గంట అంటే మన పొద్దున తొమ్మిది, పదకొండో గంట అంటే సాయంత్రం ఐదు. ఐదుసార్లు. 8వ వచనంలో ఆయనకొక గృహనిర్వాహకుడు ఉన్నాడని తెలుస్తుంది, మన భాషలో చెప్పాలంటే కూలి లెక్కలు చూసే మనిషి. మనిషి ఉండి కూడా ఆయనే ఐదుసార్లు అడ్డాకి నడిచాడు. సాయంత్రం ఐదింటికి కూలీని పెట్టుకునే రైతు ఎవరండీ? పొద్దు గూకుతుంటే పనేం మిగిలుంటుంది? ఆయన వెళ్లింది పని కోసం కాదేమో అని వింటున్నవాళ్లకే అనుమానం రావాలి. మీరు చెప్పకండి, అడిగి ఊరుకోండి.

ఐదింటి దాకా అడ్డాలో ఎవరు మిగిలిపోతారు? పొద్దున మేస్త్రీలు వచ్చి గట్టివాళ్లను ఏరుకుని బండెక్కిస్తారు. వయసు మళ్లినవాళ్లు, జబ్బుగా ఉన్నవాళ్లు, పేరు చెడినవాళ్లు మిగులుతారు. వాళ్లేమన్నారో చూడండి: "ఎవడును మమ్మును కూలికి పెట్టుకొనలేదు." బద్ధకంతో కూర్చున్నారని వాక్యంలో లేదు. ఎవరికీ అక్కర్లేకపోయారు. ఈ మాట దగ్గర కాసేపు ఆగండి, తొందరపడకండి. ఆ గదిలో ఎవరో ఒకరు ఆ మాట తమ గురించే అనుకుంటారు.

ఇంకో చిన్న సంగతి, చాలామంది దాటేసేది. తెల్లవారి వచ్చినవాళ్లతో దినానికి ఒక దేనారమని ఒప్పందం జరిగింది. తొమ్మిదింటికి వచ్చినవాళ్లతో "ఏది న్యాయమో అది" ఇస్తానన్నాడు, అంతే, అంకె లేదు. ముందొచ్చినవాళ్లు ఒప్పందం మీద పనిచేశారు, తర్వాత వచ్చినవాళ్లు ఆయన మాట మీద పనిచేశారు. దేవుడితో మన లెక్క ఎలా ఉందని అడగడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు: ఇంత ఉపవాసానికి ఇంత ఆశీర్వాదం అని రేటు మాట్లాడుకున్నామా, లేక ఆయన మాట నమ్మి తోటలోకి వెళ్లామా?

ఆ తర్వాత కూలి పంచడం. చివర వచ్చినవాళ్లకు ముందు ఇమ్మన్నాడు. ముందు వచ్చినవాళ్లకే ముందు ఇచ్చి పంపేస్తే గొడవే లేకపోవును, ఎవరి దేనారం వాళ్లు పట్టుకుని హాయిగా ఇంటికి పోయేవాళ్లు. యజమాని కావాలనే వాళ్ల కళ్లముందు ఇప్పించాడు. వాళ్లు సణిగారు, పగలంతా ఎండలో మాడిన మాతో వీళ్లను సమానం చేస్తావా అన్నారు. మాకు తక్కువిచ్చావని కాదు, వాళ్లను మాతో సమానం చేశావని. దానికి యజమాని జవాబు: "నేను మంచివాడనైనందున నీకు కడుపుమంటగా ఉన్నదా?" మన తెలుగు బైబిల్లో ఎంత సూటిగా ఉందో చూడండి, దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు. ఈ వాక్యం ఒక్కసారి మామూలు గొంతుతో చదివి ఊరుకుంటే చాలు, నవ్వేవాళ్లు నవ్వుతారు, తల దించుకునేవాళ్లు దించుకుంటారు.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పండి. ముందు వచ్చినవాళ్లకు అన్యాయం జరగలేదు, ఒప్పుకున్న కూలి పూర్తిగా దక్కింది. దేవుడు ఒకరిది లాక్కుని ఇంకొకరికి పెట్టే మనిషిలా వినిపించకూడదు. అలాగే రేపు పొలంలో ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకే పనికి వేరు వేరు కూలి ఇచ్చే రైతు విశ్వాసి, "నా సొమ్ము నా ఇష్టం అని బైబిల్లో ఉంది" అని దీన్ని వాడుకోకుండా చూడండి. ఆ యజమాని సొంత ఇష్టం ఎక్కువ ఇవ్వడానికి పనికొచ్చింది, తగ్గించడానికి కాదు.

లంగరు వచనం

ఎఫెసీ 2:8-9 పెట్టుకోండి: "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు, ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే. అది క్రియలవలన కలిగినది కాదు గనుక ఎవడును అతిశయపడ వీలులేదు." సండే స్కూల్లో అందరం బట్టీపట్టిందే. అక్కడితో ఆపకుండా 10వ వచనం కూడా చదివించండి, దేవుడు ముందుగానే సిద్ధపరచిన సత్‌క్రియలు చేయడానికి మనల్ని సృష్టించాడని అందులో ఉంది. క్రియలు వద్దని పౌలు అనలేదు, క్రియల వల్ల కాదన్నాడు, క్రియల కోసం అన్నాడు. మూడు వచనాల్లో మొత్తం వరస ఉంది.

నోట్సు రాసుకున్నాక ఒక పరీక్ష పెట్టుకోండి. పెన్ను తీసుకుని, దేవుడు కర్తగా ఉన్న వాక్యాల కింద ఒక గీత, మనం కర్తగా ఉన్న వాక్యాల కింద రెండు గీతలు గీయండి. "దేవుడు వెతికాడు, పిలిచాడు, ఇచ్చాడు, భరించాడు" ఒక గీత. "మనం చేయాలి, మానాలి, ఉండాలి" రెండు గీతలు. రెండు గీతలవే ఎక్కువ కనబడితే అది మంచి సలహాల ప్రసంగమే గానీ కృప గురించి కాదు. చివర్లో ఒకటో రెండో "మనం" వాక్యాలు ఉండొచ్చు, ఉండాలి కూడా, కానీ అవి ముందు చెప్పినదాంట్లోంచి రావాలి.

చరిత్ర ఎంతవరకు

కొంచెం తెలుసుకుని వెళ్లండి, అక్కడ మాత్రం గుమ్మరించకండి. ఐదో శతాబ్దం మొదట్లో పెలాగియస్ అనే సన్యాసి, మనిషి తన సంకల్పబలంతోనే దేవుని ఆజ్ఞలు పాటించగలడని బోధిస్తే, ఉత్తర ఆఫ్రికాలో హిప్పో పట్టణపు బిషప్ అగస్టీన్ గట్టిగా ఎదిరించాడు, 418లో కార్తేజ్ సభ పెలాగియస్ బోధను ఖండించింది. ఆ తర్వాత 529లో ఆరెంజ్ సభ, దేవుని వైపు తిరగాలన్న మొదటి కోరిక కూడా కృప పుట్టించేదేనని తేల్చింది. 1517లో జర్మన్ సన్యాసి మార్టిన్ లూథర్‌కూ కాథలిక్ సంఘానికీ గొడవ మొదలైంది పాపపరిహార పత్రాల అమ్మకం మీద. రెండువైపులా కలిపి ఎన్నో నిందలు, యుద్ధాలు అయ్యాక, 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కాథలిక్ సంఘం కలిసి ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. మన యోగ్యతను బట్టి కాదు, కృప చేతనే, క్రీస్తు రక్షణ కార్యం మీది విశ్వాసంతోనే దేవుడు మనల్ని అంగీకరిస్తాడని ఇద్దరూ కలిసి ఒప్పుకున్నారు. తేడాలన్నీ పోలేదు. 2006లో మెథడిస్టులు కూడా చేరారు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే మీ ఇంటి ప్రార్థనకు వచ్చేవాళ్లలో గుంటూరు వైపు లూథరన్ కుటుంబంలో పుట్టిన కోడలు, ఒంగోలు బాప్టిస్టు అత్తగారు, మెదక్ సీఎస్ఐ అల్లుడు, పక్కింటి ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) ఆంటీ, పెంతెకోస్తు బాబాయి అందరూ ఉండొచ్చు. "కాథలిక్కులు క్రియలవల్లే రక్షణ అంటారు, మనమే కరెక్ట్" అని ఒక మాట విసిరితే చప్పట్లు పడొచ్చు గానీ అది తప్పు, పైగా ఆ ఆంటీ మళ్లీ రారు.

అడిగే ప్రశ్నలు, వాటికి ఏం చెప్పాలి

మొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదే: "అయితే ఏం చేసినా పర్లేదన్నమాట?" టెన్షన్ పడకండి, ఈ ప్రశ్న రావడం మంచి గుర్తు. పౌలుకే వచ్చింది, రోమా 6:1లో ఆయనే వేసుకుని "అట్లనరాదు" అన్నాడు. తీతు 2:11-12 చూపించండి. అక్కడ దేవుని కృప రక్షించడమే కాదు, భక్తిహీనతను విసర్జించి బతకమని బోధిస్తుంది కూడా. క్షమించేదీ మార్చేదీ ఒకే కృప. క్షమాపణకు కృప, మార్పుకు మన కష్టం అని రెండుగా కోస్తేనే ఇబ్బంది.

రెండోది యాకోబు పత్రిక. బైబిలు బాగా చదివే పెద్దాయన ఒకరు కచ్చితంగా లేస్తారు: క్రియలు లేని విశ్వాసం మృతమని ఉంది కదా? ఉంది. పౌలు, యాకోబు ఇద్దరూ అబ్రాహామునే చూపిస్తారు గానీ అబ్రాహాము జీవితంలో రెండు వేరే రోజుల్ని పట్టుకున్నారు. రోమా 4 పట్టుకున్నది ఆదికాండము 15ను, నక్షత్రాలు చూపించి దేవుడు మాటిస్తే ఆయన నమ్మిన రాత్రిని. యాకోబు 2 పట్టుకున్నది ఆదికాండము 22ను, ఇస్సాకును బలిపీఠం మీద ఉంచిన రోజును. 15లో ఇస్సాకు ఇంకా పుట్టనే లేదు. నమ్మకం ముందు, క్రియ ఏళ్ల తర్వాత. ఈ జవాబు రెండు నిమిషాల్లో చెప్పేయొచ్చు, ఎక్కువ లాగకండి, పెద్దాయనకు టీ తాగేటప్పుడు మిగతాది చెప్పండి.

కానుకల సంగతి. ఇక్కడ కాస్త ధైర్యం కావాలి. ఇంత విత్తనం వేస్తే ఇంత పంట, ఇన్ని వేలు ఇస్తే వీసా వస్తుంది, అబ్బాయికి ఉద్యోగం వస్తుంది అని టీవీల్లో, యూట్యూబ్‌లో చెప్పేవాళ్లను మనవాళ్లు రోజూ వింటున్నారు. అప్పు తెచ్చి మరీ కానుక వేసినవాళ్లు నాకు తెలుసు. ఎవరి పేరూ ఎత్తక్కర్లేదు, తిట్టక్కర్లేదు. 2 కొరింథీ 8:9 చదివించండి. కానుకల గురించి పౌలు రెండు అధ్యాయాలు రాస్తూ దేన్ని ఆధారం చేసుకున్నాడు? ధనవంతుడైన యేసుక్రీస్తు మన కోసం దరిద్రుడైన కృపను మీరెరుగుదురు అన్నాడు. ఇచ్చాక వచ్చేది కాదు కృప, ముందే వచ్చేసింది కాబట్టి ఇస్తాం. ఇవ్వండి, సంతోషంగా ఇవ్వండి, కానీ కొనడానికి ఇవ్వకండి అని ఒక్క మాట చాలు.

సాయం చేసి సంఘంలోకి లాగుతారన్న నింద కూడా మన దగ్గర పాతదే, కాబట్టి దీనికొక తెలుగునేల జవాబు గుర్తుపెట్టుకోండి. 1876-78 కరువులో ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ కాలంలో బాప్తిస్మం కోసం జనం ఎగబడితే, తిండి కోసం వస్తున్నారేమోనని బాప్తిస్మాలే ఆపేశాడు. సాయం ఆగాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మనవాళ్లు ఆ అంకె ఒక్కటే గొప్పగా చెప్పుకుంటారు, నాకైతే ముందు ఆపేసిన ఆ నెలలే ఎక్కువ విలువైనవి. కూలి దేనికీ బదులుగా ఇవ్వలేదు, బాప్తిస్మం కూడా దేనికీ బదులుగా తీసుకోలేదు.

నాలుగోది ప్రశ్నలా రాదు, ఏడుపులా వస్తుంది. "మా ఆయన తాగుడు మానలేదన్నా, ఎన్నేళ్ల నుంచి ప్రార్థిస్తున్నాను, నా మీద కృప లేదా?" ఇలాంటి చోట "మీ విశ్వాసం చాల్లేదమ్మా" అన్న మాట నోట్లోంచి రానివ్వకండి. 2 కొరింథీ 12లో తన శరీరంలోని ముల్లు తీసేయమని పౌలు మూడుసార్లు వేడుకున్నాడు, దేవుడు తీయలేదు, "నా కృప నీకు చాలును" అన్నాడు. ముల్లు ఉండగానే కృప ఉంది. అయితే ఈ వచనాన్ని ఆవిడ నోరు మూయించడానికి వాడొద్దు. కొడుతున్నాడంటే భరించమ్మా, క్షమించమ్మా అని చెప్పడం కృప బోధ కాదు. క్షమించడం వేరు, దెబ్బలు తింటూ అదే ఇంట్లో ఉండటం వేరు. పుట్టింటివాళ్లతో, పాస్టరమ్మగారితో, అవసరమైతే పోలీసులతో మాట్లాడటానికి తోడు వెళ్లండి. వాక్యం తర్వాత చేయాల్సిన పని ఇది.

ప్రభువు బల్ల దగ్గర వెనక్కి తగ్గేవాళ్లుంటారు, "నేను యోగ్యురాలిని కానండీ" అని ఏళ్ల తరబడి తీసుకోరు. 1 కొరింథీ 11 చూపించండి. అక్కడ పౌలు మందలించింది బలహీనుల్ని కాదు, పేదవాళ్లు ఆకలితో ఉండగా ముందే తినేసి తాగేసిన కలవాళ్లను. పరీక్షించుకోమన్నాడు, ఆ తర్వాత "తిని, త్రాగవలెను" అన్నాడు గానీ లేచి వెళ్లిపొమ్మనలేదు. తప్పు ఒప్పుకుని ఎవరితోనైనా సరిచేసుకోవాల్సింది ఉంటే సరిచేసుకుని, రావడమే. యోగ్యత వచ్చాక తీసుకుంటానంటే ఎవరి వంతూ ఎప్పటికీ రాదు.

ఇక కులం. దీన్ని దాటేసి కృప గురించి మాట్లాడటం మన రాష్ట్రాల్లో చాలా సులువు, అందుకే దాటేస్తాం. గలతీ 2:11-14 చదవండి. అంతియొకయలో పేతురు యూదులు కాని అన్యజనులతో కలిసి భోంచేస్తూ, యాకోబు దగ్గర్నుంచి కొందరు రాగానే పంక్తిలోంచి లేచిపోయాడు. పౌలు దాన్ని మర్యాద లోపం అనలేదు, సువార్త సత్యం ప్రకారం నడవడం లేదన్నాడు, అందరి ముందూ నిలదీశాడు. కృపచేతనే అందరం లోపలికొచ్చాక పంక్తిలో తేడా ఎక్కడిది? మాల, మాదిగ పేటలకు వేరు వేరు చర్చిలున్న ఊళ్లు, అగ్రవర్ణం నుంచి వచ్చిన విశ్వాసికి వేరే కుర్చీ, పెళ్లి సంబంధాల దగ్గర గుర్తొచ్చే కులం, ఇవన్నీ మనకు తెలియనివి కావు. మీరు వాక్యం చెప్పే ఇంట్లో ఎవరి గ్లాసు ఎక్కడ ఉంటుందో మీకే బాగా తెలుసు. ఒక్క వాక్యమైనా చెప్పండి. చెప్పలేని పరిస్థితైతే కనీసం ఆ రోజు మీరు ఎవరి పక్కన కూర్చుని తింటారో అది ఆలోచించుకుని వెళ్లండి.

హిందూ బంధువులు కూర్చుని ఉంటే

గృహప్రవేశానికో, పుట్టినరోజు కృతజ్ఞతా కూడికకో వచ్చిన బంధువుల్లో సగం మంది హిందువులే ఉంటారు. "మీ మతంలో కర్మ, మాలో కృప" అని మొదలుపెట్టొద్దు, అది మర్యాదా కాదు, నిజమూ కాదు. దైవకృప మీద తెలుగువాళ్లు ఎన్ని కీర్తనలు పాడుకున్నారో వాళ్లకు తెలుసు. పిల్లకోతి తల్లిని పట్టుకోవాలా, తల్లి పిల్లిలా దేవుడే భక్తుణ్ణి నోట కరుచుకుని తీసుకెళ్తాడా అన్న మర్కట, మార్జాల న్యాయాల చర్చ శ్రీవైష్ణవంలో వందల ఏళ్ల నాటిది. వాళ్లకు తెలిసినదాన్ని తక్కువ చేయకుండా, మనం దేన్ని నమ్ముతున్నామో అది చెప్పండి: ఈ కృప మాకు ఒక మనిషిలో, పొంతి పిలాతు కాలంలో, ఒక సిలువ మీద కనబడింది, "మన మింకను పాపులమై యుండగానే" ఆయన చనిపోయాడు. అంతవరకు మన సాక్ష్యం. మిగతాది వాళ్ల ఆలోచనకు వదిలేయండి.

సాక్ష్యం చెప్పించేటప్పుడు

వాక్యం తర్వాత ఎవరితోనైనా సాక్ష్యం చెప్పిస్తే బాగుంటుంది, కాకపోతే మన సాక్ష్యాల్లో ఒక ఒరవడి ఉంది: తాగేవాణ్ణి, ఒక రాత్రి దేవుడు తాకాడు, తెల్లారేసరికి అన్నీ మానేశాను. అలా జరిగినవాళ్లున్నారు, కాదనను. జరగనివాళ్లు మాత్రం అది విని ముడుచుకుపోతారు. అమేజింగ్ గ్రేస్ పాట రాసిన జాన్ న్యూటన్ కథ కూడా మన వేదికల మీద ఇలాగే చెబుతారు, తుఫానులో మొరపెట్టాడు, ఒడ్డుకు రాగానే బానిసల వ్యాపారం వదిలేశాడు అని. అది నిజం కాదు. తుఫాను 1748లో. ఆ తర్వాతే అతను బానిసల ఓడలకు కెప్టెన్ అయ్యాడు, 1754లో జబ్బు చేసి సముద్రం మానాడు, ఆ వ్యాపారాన్ని ఖండిస్తూ బహిరంగంగా రాసింది 1788లో. నలభై ఏళ్లు పట్టింది. ఈ కథ ఉన్నదున్నట్టు చెబితేనే కృప ఎంత ఓపిగ్గా పనిచేస్తుందో అర్థమవుతుంది, ఓపికలోని ఆ ఏళ్లలో ఓడల అడుగున గొలుసులతో ఉన్న మనుషుల్ని మరిచిపోకుండా. సాక్ష్యం చెప్పేవాళ్లతో ముందే మాట్లాడి, ఇంకా మారనిది కూడా ఒకటి చెప్పమని అడగండి, మూడు నిమిషాలు చాలు.

ఆ సాయంత్రం

మొత్తం ఇరవై నిమిషాలు దాటొద్దు. పదిహేను మంది కూర్చున్న హాల్లో మైకు, స్పీకరు దయచేసి వద్దు, పక్కింటి వాళ్ల పిల్లలకు పరీక్షలుంటాయి. భాగాన్ని ఇద్దరితో చదివించండి, యజమాని మాటలు ఒకరు, మిగతావి ఒకరు. పిల్లలుంటే చాక్లెట్లు తీసుకెళ్లి, కంఠతా వచనం చెప్పినవాళ్లకూ చెప్పనివాళ్లకూ ప్రార్థన అయిపోయే ముందు వచ్చినవాడికీ సమానంగా, ఆలస్యంగా వచ్చినవాడితో మొదలుపెట్టి పంచండి. గొడవ మొదలుపెట్టేది పిల్లలు కాదు, వాళ్ల అమ్మలు. అప్పుడు ఆ కడుపుమంట మాట ఉన్న 15వ వచనం మళ్లీ చదవండి.

ముగింపు ప్రార్థనలో తీర్మానాలు చేయించకండి, చేతులెత్తించకండి. దేవుడు చేసినదానికి థాంక్స్ చెప్పండి, ఆ ఇంటివాళ్ల పేర్లు ఎత్తి ప్రార్థించండి, ఆమెన్ అనండి. తర్వాత ఎవరైనా వచ్చి మాట్లాడితే మీరు తక్కువ మాట్లాడండి.

బాగా చెప్పారు బ్రదర్, వచ్చే నెల కూడా మీరే అంటారు. అప్పుడు 2 సమూయేలు 9 తీసుకోండి. సౌలు మనవడు, రెండు కాళ్లూ కుంటివాడైన మెఫీబోషెతు, రాజు పిలిచాడంటే ప్రాణం మీదికొచ్చిందనుకుని వణుకుతూ వచ్చి, దావీదు బల్ల దగ్గర రోజూ భోంచేసే మనిషిగా మిగిలిపోతాడు. పదమూడు వచనాలే. సాయం కోరింది అతను కాదు, యోనాతాను కోసం ఇంకా ఎవరైనా మిగిలారా అని వెతికింది దావీదు. గీతల పరీక్ష దాని మీద ముందే చేసి చూసుకోండి.